సముద్రం పక్క, కొండ పక్క

విశాఖపట్నం వెళ్ళొచ్చానని తెలిశాక మా ఆదోనిలో ఎవరు కనిపించినా రెండే ప్రశ్నలు. సముద్రం ఎట్లుంది? ఓడ ఎక్కినావా? సముద్రం బాగుంది. ఓడ ఎక్కలేదు. నేను వెళ్ళింది ఒక మనిషిని క్షమించమని అడగడానికి. ఆ మాట చెప్పుకోవడానికి నామోషీ అయ్యి, సింహాచలం మొక్కు ఉందని హైస్కూల్లో సెలవు చీటీ ఇచ్చాను. తిరిగొచ్చాక ఇప్పుడు నామోషీ పోయింది కాబట్టి అన్నీ రాస్తున్నాను.

నేను డ్రాయింగు మాస్టారిని. నలభై ఆరేళ్ళొచ్చాయి. నాకొక పిచ్చి ఉంది, అది మా వీధిలో అందరికీ తెలుసు. మా బావమరిది కువైటు నుంచి తన కొడుక్కి ఒక పెద్ద పెట్టె తెచ్చాడు. అందులో ప్లాస్టిక్ ఇటుకలు, పైన బొడిపెలు, కింద బోలు. ఒకదాని మీద ఒకటి నొక్కితే పట్టుకుంటాయి. ఇరుసులు, పళ్ళ చక్రాలు, కొక్కేలు కూడా ఉన్నాయి. వాడు రెండు రోజులు ఆడి వదిలేశాడు. నేను ఆరేళ్ళయినా వదల్లేదు. గాలిమర కట్టాను, గానుగ కట్టాను. ఆ గానుగ గురించి ఒక పిల్లల పత్రికకు ఉత్తరం రాస్తే అచ్చేశారు. అది చూసి విశాఖపట్నం నుంచి ఒకాయన జాబు రాశాడు. పేరు దేవసహాయం. పోర్టులో ఫిట్టరు, సరుకులెత్తే క్రేన్లు బాగుచేసే పని. 'నా దగ్గర కూడా అలాంటి ఇటుకలు కొన్ని ఉన్నాయి, మీ కోసం ఒక క్రేను గీసి పంపమంటారా' అని అడిగాడు.

అట్లా మొదలైంది మా స్నేహం. ఆయన గళ్ళ కాగితం మీద ఒక్కో వరసా గీసి ఒక్కో కవరులో పంపేవాడు. గోడ కట్టే మేస్త్రీలు ఇటుకల వరస అంటారు చూడండి, అట్లా. మొదటి వరస, రెండో వరస, మొత్తం ముప్పై ఎనిమిది వరసలు. ఏడాదిన్నర పట్టింది. ప్రతి జాబులో బొమ్మతో పాటు నాలుగు మంచి మాటలు. మా పెద్దమ్మాయికి టైఫాయిడు వచ్చినప్పుడు వరుసగా మూడు ఉత్తరాలు రాశాడు, ప్రార్థన చేస్తున్నామని. మొహం కూడా చూడని మనిషి.

క్రేను పూర్తయ్యింది. మా స్కూల్లో సైన్సు ప్రదర్శన పెడితే ముందు వరసలో దాన్నే పెట్టారు. ముఖ్య అతిథి వచ్చాడు. కొక్కేనికి ఇంటి తాళంకప్ప తగిలించి పిడి తిప్పాను, లేచింది. ఇక చెయ్యి వదిలినా పళ్ళ చక్రాన్ని చిన్న నాలుక పట్టుకుని బరువును ఆపాలి. చెయ్యి వదిలాను. తాళంకప్ప నేరుగా వెళ్ళి ముఖ్య అతిథి టీ గ్లాసులో పడింది. ఆయన తెల్ల చొక్కా మీద టీ, పిల్లల పకపకలు, మా హెడ్మాస్టరు చూపు. నా కోపం పాల పొంగు లాంటిది, పొంగేటప్పుడు పక్కన ఎవరున్నారో చూడదు. ఆ సాయంత్రమే కార్డు కొని రాసేశాను: 'మీ క్రేను కాగితం మీదే నిలబడుతుంది. ఏడో తరగతితో ఆగిన చదువుకు డిజైన్లు ఎందుకు? ఇకమీదట నాకు బొమ్మలు పంపవద్దు.'

మూడోనాటికి పాలు చల్లారాయి. ఏడో తరగతి సంగతి ఆయనే ఒక జాబులో సిగ్గుపడుతూ చెప్పుకున్నాడు, దాన్నే తీసి ఆయన మీదకు విసిరాను. వెంటనే క్షమించమని రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. నాలుగు నెలలు గడిచాయి. చివరికి క్రేనును గుడ్డల్లో చుట్టి ఒక చెక్కపెట్టెలో పెట్టుకుని రైలెక్కాను.

పూర్ణా మార్కెట్

దిగిన రోజు శుక్రవారం. నేరుగా ఆయనింటికి వెళ్ళాల్సినవాణ్ణి, ధైర్యం చాలలేదు. పూర్ణా మార్కెట్టు దగ్గర ఒక లాడ్జిలో దిగాను. మా ఆదోని మార్కెట్టులో పత్తి దూది గాల్లో తేలుతుంటుంది, ఇక్కడ గాలంతా బెల్లం, ఎండుచేప. రెండూ పక్కపక్కనే అమ్ముతున్నారు, ఎవరికీ అభ్యంతరం లేదు. పదడుగులు నడిచేసరికి నాకూ పోయింది. భోజనం నాలుగు రూపాయలు, పప్పూ చారూ ఎన్నిసార్లయినా వేస్తారు. కారం మాత్రం మా వాళ్ళు పసిపిల్లలకు పెట్టేంతే. వడ్డించేవాణ్ణి పచ్చిమిరపకాయ అడిగితే, 'ఏటండీ, కూర బాగోనేదేటి?' అని నొచ్చుకున్నాడు. బాగుందయ్యా, మా నాలుకే మొద్దు అని సర్దిచెప్పాను.

ఆ మార్కెట్టు సందుల్లో ఓడల వాళ్ళ దగ్గర కొన్న వస్తువులు అమ్మే కొట్టు ఒకటి ఉంది. సబ్బులు, బ్లేళ్ళు, గొడుగులు. మా క్రేనులో చెడింది పళ్ళ చక్రమేమో, కొత్తది దొరికితే దాన్ని చేత పట్టుకుని వెళ్ళొచ్చు కదా అని నా ఎత్తు. అడిగితే కొట్టాయన ఒక డబ్బా బోర్లించాడు. నిజమే, విడి ఇటుకలు! ఎర్రవి, పసుపువి, కొన్ని మసిపట్టినవి.

"పూర్తి పెట్టెలు రావండి. పిల్లలాడేసినవి, ఓడలోలు ఇచ్చీసినవి," అన్నాడాయన. "ఒకటి పావలా. ఇవి కొనీవోడు ఈ ఊర్లో ఒక్కడే ఉన్నాడు. పోర్టు ఫిట్టరు, దేవసాయం గారని. పెతీ శనివారం వచ్చి గంటసేపు ఏరుతాడు గానీ నెలకి రెండో మూడో అట్టుకెల్తాడు. అంతకంటే కొనడు. ఇంట్లో తెలిస్తే బాగోదని నవ్వుతాడు."

"ఇప్పుడు రావడం లేదా?" అన్నాను.

"నాలుగు నెలలైపోనాదండి. ఏటండీ అని అడిగితే, నాకు రాని పని బావా, వదిలీసినాను అన్నాడు. పాపం, మంచోడు."

చక్రం దొరకలేదు. ఆ డబ్బాలోని ఇటుకలన్నీ కొన్నాను, అరవైకి పైగా. కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. ఆ రాత్రి లాడ్జిలో నాకు అన్నం సయించలేదు. రెండేసి, మూడేసి చొప్పున కొనుక్కున్నవాడు ముప్పై ఎనిమిది వరసల క్రేను ఎట్లా కట్టి ఉంటాడు? నా క్రేనులో వెయ్యి ముక్కలున్నాయి. లెక్క ఎటు వేసినా కుదరలేదు.

సింహాచలం

సెలవు చీటీలో దేవుడి పేరు వాడుకున్నాను కదా, శనివారం పొద్దున్నే కొండకు వెళ్ళాను. పెట్టె లాడ్జిలో వదలడానికి మనసొప్పక చంకన పెట్టుకునే వెళ్ళాను. మా వైపు కొండలంటే బండలే. ఇక్కడ కొండ మొత్తం చెట్లు, అనాసలు, పనసలు, దారంతా సంపెంగల వాసన. వరాహ నరసింహస్వామికి ఏడాది పొడుగునా చందనం పూతే. అసలు రూపం ఒక్కరోజే చూపిస్తారట. మిగతా రోజుల్లో వచ్చినవాళ్ళు చందనానికే దండం పెట్టి, కడుపు నిండి వెళ్ళిపోతున్నారు. చూస్తే గానీ నమ్మనంటూ నాలాగా పంతాలకు పోయేవాడు ఒక్కడూ కనబడలేదు.

మెట్ల దగ్గర అనాసపళ్ళు కోసి ఉప్పూకారం చల్లి అమ్మే ముసలమ్మ ఒకామె, నా పెట్టె చూసింది.

"ఏటి బాబూ, పెట్టిలో దేవుడా? అంత బద్రంగా ఎత్తుకున్నావు?"

"క్రేనమ్మా. ఆడుకునే క్రేను."

"మా అల్లుడు ఉక్కు ఫేక్టరీ కడతన్న కాడ క్రేను మీదే సేత్తన్నాడు. నువ్వు ఏ ఊరు నుండి మోసుకొచ్చినావు?"

చెప్పాను. ఆమె ముందు మొహమాటం లేదు కాబట్టి సంగతంతా చెప్పేశాను. కత్తి పక్కన పెట్టి విన్నది.

"తిట్టిన నోరు అలాగే అట్టుకెల్తావేటి? సేతులూపుకుంటా ఎల్లకూడదు. పళ్ళట్టుకెల్లు," అని మూడు అనాసపళ్ళు ఏరి తీసింది. రెండింటికే డబ్బులు తీసుకుంది. "మూడోది నాది. ఆ ఫిట్టరు బాబుకి సింహాద్రి అప్పన్న కొండ మీంచి ఒకామె ఇచ్చిందని సెప్పు."

పెట్టె ఆమె దగ్గరే ఉంచి లోపలికెళ్ళాను. అక్కడ కప్పస్తంభాన్ని కౌగిలించుకుని కోరిక కోరుకుంటే తీరుతుందని నమ్మకం. అందరూ బిడ్డలనో ఉద్యోగాలనో కోరుకుంటుంటే నేను, 'స్వామీ, ఆయన తలుపు తీసేలా చెయ్యి' అన్నాను. బయటికొస్తే నా చెప్పులు లేవు. మంచిదే, పాపం కొంత చెప్పులతో పోయిందనుకున్నాను. ఆ ముసలమ్మ నవ్వి నవ్వి దగ్గొచ్చేంత నవ్వింది.

జాలరిపేట

ఆదివారం. దేవసహాయం వాళ్ళు చర్చికి వెళ్ళి వచ్చేసరికి పదకొండు దాటుతుందని కొట్టాయన చెప్పాడు. అంతవరకు ఏం చెయ్యాలో తోచక, కొత్త చెప్పులేసుకుని సముద్రం చూడటానికి జాలరిపేట వైపు వెళ్ళాను. నలభై ఆరేళ్ళకు మొదటిసారి సముద్రం చూశాను. నోరు తెరుచుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పడవలు ఒడ్డుకు లాగుతున్నారు, ఆడవాళ్ళు గంపలతో ఎదురెళ్ళి అక్కడికక్కడే బేరాలు చేస్తున్నారు. మా ఊళ్ళో పత్తి వేలంలో మగవాళ్ళదే గొంతు. ఇక్కడ ధర చెప్పేది ఆడవాళ్ళు, మగవాళ్ళు వలలు దులుపుకుంటూ వింటారు. ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది, ఇంటికొచ్చి చెబితే మా ఆవిడకు ఇంకా బాగా నచ్చింది.

గంప దించుకుని కూర్చున్న ఒకామె నన్ను చూసి అడిగింది. "ఏటి బాబూ, అలాగ సూత్తన్నావు? సముద్రం ఎప్పుడూ సూడ్నేదేటి?"

"లేదమ్మా. మాది ఆదోని."

"అక్కడ నేదా?"

"లేదు."

"ఓలమ్మో!" అంది జాలిగా. "మరి ఎటుపక్కెల్లాలో మీకెలాగ తెలుస్తాది? మాకైతే సముద్రం పక్క, కొండ పక్క. ఈ రెండే. పసిపిల్లలికీ తెలుసు."

కుడి ఎడమలు ఉన్నాయి కదా అన్నాను. "అవి నువ్వు తిరిగితే తిరిగిపోతాయి గదా బాబూ. సముద్రం తిరగదు," అంది చేపలు సర్దుకుంటూ. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా బొమ్మలు గీయడం నేర్పుతున్న నాకు అప్పటికి ఆ మాట విలువ తెలియలేదు.

గాజుపలక కింద

పాతవూళ్ళో ఒక పెంకుటింటి వాటా. తలుపు తీసింది దేవసహాయం భార్య కరుణమ్మ. ఆసుపత్రిలో నర్సు అని ఆయన జాబుల్లో చదివాను. నా పేరూ ఊరూ చెప్పాను. చేతిలో అనాసపళ్ళు, చంకలో పెట్టె, మొహాన చెమట.

"ఓ, పోస్టుకార్డు మేస్టారా?" అందామె.

గడపలోనే నిలబెట్టి చెప్పింది. ఆ రోజు ఆమె డ్యూటీలో ఉంది. ఆయన వీధరుగు మీద పదిమందితో కూర్చుని ఉంటే పోస్టుమ్యాను వచ్చాడు. ఆదోని నుంచి కార్డొచ్చిందంటే క్రేను లేచిందన్న కబురేనని, ఈయనే సంబరంగా, 'సదువు బావా, అందరూ వినాల' అన్నాడట. అతను గట్టిగా చదివేశాడు. చివరి మాట దాకా. "మీరు తరవాత రాసినవి కవర్లలో ఒచ్చాయి. ఆయన ఇప్పలేదు. బైబిల్లో పెట్టీసినారు. నాను ఇప్పబోతే వద్దన్నారు." తలుపు మాత్రం మూయలేదు. కప్పస్తంభం మాట వమ్ము కాలేదు.

లోపలి నుంచి ఆయన వచ్చాడు. సన్నగా, పొట్టిగా, చర్చి నుంచి వచ్చిన తెల్లచొక్కాతో. నేను నోరు తెరిచేలోపే, "రండి మేస్టారు, కూకోండి. ఎండనబడొచ్చినారు," అన్నాడు. నేను దారి పొడుగునా బట్టీ పట్టిన మాటలన్నీ ఎగిరిపోయాయి. పళ్ళు ఆయన చేతిలో పెట్టి, "కొండ మీద ఒకామె ఒకటి మీకిమ్మంది," అని మాత్రం అన్నాను.

ఆయన పళ్ళు ఒక మూల పెట్టాడు. తర్వాత ఆయనే అడిగాడు. "పెట్టిలో అదేనా?" ఔనన్నాను. విప్పి బల్ల మీద పెట్టాను. అడుగున్నర ఎత్తు క్రేను. ఆయన ముందుకొచ్చి చెయ్యి చాచి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకున్నాడు. కళ్ళు తడిశాయి.

"ఇంతుంటాదా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. కరుణమ్మ చెప్పింది. ఆయన దగ్గర ఉన్నవి యాభై ఇటుకలు, నాలుగు చక్రాలు. వాటితో ఒక వరస పేర్చి, గీసి, విప్పేసి, అవే ఇటుకలతో రెండో వరస. అట్లా ముప్పై ఎనిమిదిసార్లు. మిగతాదంతా ఆయన తలలోనే. తను గీసిన క్రేనును ఆయన ఎప్పుడూ నిలబెట్టి చూడలేదు. చూసే వీలు ప్రపంచంలో ఒక్కడి దగ్గరే ఉంది. ఆ ఒక్కణ్ణీ నేను, ఆ కార్డు రాసిందీ నేను. కూర్చున్న కుర్చీలో చచ్చిపోవాలనిపించింది.

ఆయన మాత్రం లేచి గోడకు ఆనించిన గాజుపలక ఒకటి తెచ్చాడు. ఏదో పాత షాపు అద్దమట. రెండు ట్రంకుపెట్టెల మీద దాన్ని అడ్డంగా పరిచాడు. పరిచి, తెల్లచొక్కాతోనే నేల మీద వెల్లకిలా పడుకుని దాని కిందకు దూరాడు. "ఆదివారం సొక్కా!" అని కరుణమ్మ అరుపు. బయటికి ఆయన కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.

"పెట్టండి మేస్టారు, గాజు మీద," అని కింద నుంచి వినబడింది.

పెట్టాను. కింద నుంచి ఆయన వేలు గాజు మీద అటూ ఇటూ కదిలింది. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"మేస్టారూ, నా బొమ్మ నాకు తెలుసు. డ్రైవరు గది ఇటేపు కదా ఉండాలి. ఇది అటేపెల్లిపోనాదేటి? మొత్తం తిరగేసి కట్టీసినారు."

"అట్లెట్లవుతుందప్పా? మీ కాగితం ముందర పెట్టుకునే కట్టినా. ప్లానంటే పైనుంచి చూసేదే కదా?" అన్నాను.

"పైనుంచా?" అన్నాడాయన. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పైనుంచి సూసీవోళ్ళు ఆపీసర్లు. నాను ఇరవై ఏళ్ళుగా క్రేను కిందే పడుకున్నాను. నాకు క్రేనంటే కింద నుంచి కనబడీదే. ఇటుకలు ఈ గాజు మీద పేర్చి, ఇలగే పడుకుని గీసేవోణ్ణి."

ఒక్కసారిగా అంతా వెలిగింది. కింద నుంచి గీసినదాన్ని పైనుంచి గీసినట్టు చదివితే ఎడమ కుడి అవుతుంది. ముప్పై ఎనిమిది వరసలూ అట్లాగే, అద్దంలో చూసినట్టు. మిగతా ముక్కలు దానికి ఒప్పుకున్నాయి గానీ పళ్ళ చక్రం ఒప్పుకోలేదు. దాని పళ్ళు ఒక వైపుకే వాలి ఉంటాయి, ఇరుసు దూరే గూడు ఒక పక్కే ఉంటుంది, ఆ గూడు క్రేను గోడవైపే ఉండాలి. గోడ మారిపోయేసరికి పళ్ళు ఎదురు తిరిగాయి, నాలుక పట్టుకోలేదు, తాళంకప్ప టీ గ్లాసులో పడింది. ప్లాన్ అంటే పైనుంచి చూసేదని ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద రాసి, రాయని పిల్లాణ్ణి బెంచీ ఎక్కించిన ఘనుణ్ణి నేను. గీసినవాడు ఎక్కడున్నాడో ఒక్క జాబులో అడిగితే పోయేది.

"అయితే నా బొమ్మ తప్పు కాదు గదా?" అని కింద నుంచి అడిగాడు.

"కాదు."

"లెక్క తప్పు కాదు గదా?"

"కాదప్పా."

"నాకు సదువు నేదు గనక తప్పే అనుకున్నాను మేస్టారు. నాలుగు నెలలు అదే అనుకున్నాను."

నేనూ నేల మీద పడుకుని గాజు కిందకు దూరాను. తల ట్రంకుపెట్టెకు ఠంగున తగిలింది. పక్కపక్కన వెల్లకిలా పడుకుని, పైకి చూస్తూ అక్కడే అడిగాను. "తప్పు నాది. నన్ను క్షమించండి." ఆయన నా తల తడిమి, "బొప్పి కట్టింది. కరుణా, తడిగుడ్డట్టుకురా," అన్నాడు. నా జన్మలో నాకు దొరికిన మన్నింపుల్లో అంత పెద్దది లేదు.

భోజనం అయ్యాక క్రేను మొత్తం విప్పి మళ్ళీ కట్టాం. కరుణమ్మ చేపల పులుసు పెట్టింది. ముల్లు తీయడం రాక నేను దగ్గుతుంటే, నా పళ్ళెం లాక్కుని ముళ్ళు ఏరి ఇచ్చింది. మొహం మాత్రం ఇంకా విప్పలేదు. ఆయన గాజు కింద, నేను పైన. పెట్టె అడుగున నేను తెచ్చిన పాత కాగితాలు చూసి ఆయన చెబుతాడు, నేను పెడతాను. "ఎడమేపు ఎర్రది" అంటాడు, నా ఎడమ వైపు పెడతాను, అది ఆయనకు కుడి. పది నిమిషాల్లో ఇద్దరం అరుచుకునే దాకా వచ్చాం. నా పాలు మళ్ళీ పొంగబోతుండగా జాలరిపేట ఆమె మాట గుర్తొచ్చింది.

"ఆగండి. సముద్రం ఎటు?" అన్నాను.

"కిటికీ పక్క."

"కొండ?"

"తలుపు పక్క."

ఇక తప్పు రాలేదు. "సముద్రం పక్క పసుపు రెండు." పెట్టాను. "కొండ పక్క చక్రం, గూడు గోడకి." పెట్టాను. కింద ఉన్నవాడికీ పైన ఉన్నవాడికీ సముద్రం ఒకే వైపు ఉంది. సాయంత్రం దాకా అట్లా సాగింది. చివరి వరస అయ్యాక ఆయన బయటికి వచ్చి, ఆ ఇంటి తాళంకప్ప తెచ్చి కొక్కేనికి తగిలించాడు. పిడి తిప్పాడు. టక్, టక్, టక్ అని నాలుక పంటి తర్వాత పంటి మీద పడుతూ తాళంకప్ప లేచింది. చెయ్యి వదిలాడు.

ఆగింది. ఊగుతూ ఆగింది. ఆయన క్రేను చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, పైనుంచి కూడా చూశాడు. "పైనుంచి కూడా బాగుంది మేస్టారు," అన్నాడు.

పోస్టాఫీసు

వెళ్ళొస్తానని లేచినప్పుడు కరుణమ్మ గుమ్మం దాకా వచ్చింది. "మీరు ఇంట్లో సెప్పిన మాట ఇంట్లోనే ఉండిపోద్ది మేస్టారు. కార్డు వీదంతా ఇన్నాది," అంది. అంతే అంది. ఆ మాటకు నేను రాత్రంతా ఆమెకు మనసులో దండం పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున దేవసహాయం డ్యూటీకి వెళ్తూ నన్ను పోర్టు గోడ దాకా తీసుకెళ్ళి అసలు క్రేన్లు చూపించాడు. అన్నిటి డ్రైవరు గదులూ సముద్రం పక్కే. కింద నిలబడి తలెత్తి చూస్తే మెడ పట్టేసింది. ఇరవై ఏళ్ళుగా ఈయన చూస్తున్నది ఇదన్నమాట అనుకున్నాను. క్రేనూ, కొట్టులో కొన్న ఇటుకలూ ఆయనకే ఇచ్చేశాను. వద్దన్నాడు. మీరు గీస్తారు, నేను మళ్ళీ కట్టుకుంటాను, మా ఇంట్లో ఇంకో పెట్టె నిండా ఉన్నాయి అని అబద్ధం చెప్పాను. ఇంకో పెట్టె లేదు, సగం పెట్టె ఉంది.

అక్కడి నుంచి పోస్టాఫీసుకు వెళ్ళి పదిహేను పైసల కార్డు కొన్నాను. బోర్డు మీద రాసే చేత్తో పెద్ద పెద్ద అక్షరాలు రాశాను: 'దేవసహాయం గారికీ, వారి వీధివారందరికీ, ఇది చదువుతున్న పోస్టుమ్యాను గారికీ నమస్కారాలు. దయచేసి గట్టిగా చదవండి. దేవసహాయం గారు గీసిన క్రేనులో తప్పు లేదు. దాన్ని తిరగేసి కట్టినవాడు ఆదోని డ్రాయింగు మాస్టారు. బొమ్మ చదవడం రానిది చదువుకున్నవాడికే. నా పాత కార్డులో చదువు గురించిన మాట నాకు నేను రాసుకున్నదిగా భావించగలరు.' డబ్బాలో వేసి, రైలెక్కాను.

ఆదోని

పది రోజులకు కరుణమ్మ చేతిరాతతో జాబు వచ్చింది. పోస్టుమ్యాను కార్డు రెండుసార్లు చదివాడట. రెండోసారి ఎవరూ అడగలేదట, తనంతట తనే చదివాడట. అరుగు మీద ఉన్నవాళ్ళంతా లోపలికి వచ్చి తాళంకప్ప లేపి చూశారట. ఇప్పుడు ఆ ఇంటికి వేసుకోవడానికి తాళం లేదు, అది క్రేనుకే వేలాడుతోంది అని రాసింది. కింద ఆయన రెండు ముక్కలు: 'శనివారం మార్కెట్టుకు వెళ్ళాను.'

అదే కవరులో గళ్ళ కాగితం ఒకటి. కొత్తది, ఓడల కోసం తెరుచుకునే వంతెన, మొదటి వరస. కాగితానికి ఒక అంచున 'సముద్రం' అనీ, ఎదుటి అంచున 'కొండ' అనీ, మూలన చిన్నగా 'కింద నుంచి' అనీ రాసి ఉంది.

మా ఇంట్లో తూర్పు గోడ మీద సుద్దముక్కతో పెద్దగా 'సముద్రం' అని రాశాను. మా ఆవిడ వచ్చి చూసి, "ఏమప్పా, ఏమి రాస్తాండావు గోడ మీద? ఈ ఊర్లో సముద్రమెక్కడిది?" అంది.

"ఇప్పుడు ఉండాది," అన్నాను. కాగితాన్ని దాని వైపు తిప్పి పెట్టుకుని, మొదటి ఇటుక పెట్టాను.